ఒక స్క్రూ, ఒక నట్టు



సింగపూరు రోడ్ల మీద ఎప్పుడైనా ఒక పాత మోరిస్ మైనర్ కనిపిస్తే ఆగి చూడండి. అది మన అంబాసిడర్‌కు దగ్గర చుట్టం. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన దేశంలో అంబాసిడర్ అయింది.

ఆ మోరిస్ కార్లకు ఎస్.యు. కార్బొరేటర్ ఉండేది. దానికి పేటెంటు తీసుకున్న స్కిన్నర్‌ది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. అందుకేనేమో, మొదట్లో అందులో తోలు తిత్తి వాడారు!

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే థ్రాటిల్ పలక మూసుకుంటుంది. పూర్తిగా మూసుకుంటే బండి ఆగిపోతుంది కదా, అందుకని ఒక స్క్రూ దాన్ని కాస్త తెరిచి ఉంచుతుంది. కింద ఉన్న నట్టు గాలిలో ఎంత పెట్రోలు కలవాలో చూసుకుంటుంది.

ఇంజను బాగా వేడెక్కాక, కార్బొరేటర్‌లోని పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ పైకెత్తి చెవి పెట్టాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ఆగిపోబోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు. మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పడం లాంటిదే ఇది. ఆ తర్వాత స్క్రూ తిప్పి స్లో రన్నింగ్ సరిచేస్తారు. మన ఊళ్ళలో కార్బొరేటర్ ఏ రకమైనా, చాలామంది మెకానిక్కులకు చెవే మీటరు.

మరి ఈ విద్య ఎందుకు పోయింది? పొగ వల్ల. పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కు పెట్రోలులోని సీసం విషం. పైగా ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి, బరువు లెక్కన, కచ్చితంగా ఉండాలి. రోడ్డు మీద క్షణక్షణం ఆ లెక్క నిలబెట్టడం స్క్రూ వల్ల కాదు. సింగపూరులో సీసం లేని పెట్రోలు 1991లో వచ్చింది, సీసం పెట్రోలు 1998లో పూర్తిగా పోయింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 1983లో కార్బొరేటర్‌తో వచ్చిన మారుతి 800కు కూడా 2000 నాటికి కంప్యూటరు అదుపు చేసే ఇంజెక్షన్ వచ్చేసింది.

సింగపూరులో ఇంకో కారణం కూడా ఉంది. 1990లో మొదలైన కోటా పద్ధతిలో కారుకు ఇచ్చే అనుమతి పదేళ్ళే. ఆ తర్వాత మళ్ళీ డబ్బు కట్టాలి, లేదా కారు వదులుకోవాలి. దాంతో కార్బొరేటర్ కార్లు ఇక్కడ త్వరగా కనుమరుగయ్యాయి. అంబాసిడర్ మాత్రం అక్కడ 2014 దాకా తయారవుతూనే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, కంప్యూటరును తప్పు పట్టను. మన పిల్లలు పీల్చే గాలిలో సీసం తగ్గడం చిన్న మేలేమీ కాదు. కానీ ఆ చెవి విద్య పుస్తకాల్లో చదివితే వచ్చేది కాదు, పక్కన నిలబడి వింటేనే వస్తుంది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో పాత మెకానిక్ ఉంటే పిల్లల్ని తీసుకెళ్ళండి. బానెట్ ఎత్తి, ఒక్కసారి వినిపించమని అడగండి.

సెలవు.