ఇంట్లో దాగిన కంచు బిళ్ళ



బెంగళూరులో హలసూరు చెరువు దాపున స్థావరం గల మదరాసు సాపర్ల దళంలో తమిళులతో పాటు మన తెలుగువారు కూడా తరతరాలుగా కొలువు చేశారు. బాటలు వేయడం, వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం వారి పని. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆ దళం వారు సముద్రాలు దాటి మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు కూడా వెళ్లారు. తిరిగి వచ్చినవారికి పతకాలు అందాయి. రానివారి ఇళ్లకు కంచు ఫలకాలు అందాయి. ఈనాటి ప్రసంగం ఆ కంచును గురించి. మీ ఇంటి అటక మీది ట్రంకుపెట్టెలోనూ అలాంటిది ఒకటి ఉండవచ్చు. అందుకే కాస్త శ్రద్ధగా వినమంటున్నాను.

ముందు గుర్తులు చెబుతాను. ఆ యుద్ధంలో పనిచేసిన సిపాయికి సాధారణంగా రెండు పతకాలు వచ్చేవి. ఒకటి బ్రిటిష్ యుద్ధ పతకం, వెండిది. ఒకవైపు అయిదవ జార్జి చక్రవర్తి తల, రెండోవైపు గుర్రమెక్కిన యోధుడు, పక్కన 1914, 1918 అనే అంకెలు ఉంటాయి. రెండవది విజయ పతకం. ఇది కంచుది. దీని మీద రెక్కలున్న స్త్రీమూర్తి ఉంటుంది. రిబ్బను ఇంద్రధనుస్సు రంగులది. చాలా ఇళ్లలో వెండి బిళ్ళ కరువుకో, ఆడపిల్ల పెళ్లికో కంసాలి కొలిమికి చేరిపోయింది. కంచుకు ధర పలకదు గనుక అది మిగిలింది.

ఇంకొక సంగతి ఉంది. ఆ వెండి పతకాన్నే, అదే బొమ్మతో, కంచులో కూడా వేశారు. అలాంటివి సుమారు 1,10,000. అవి ఎవరికి ఇచ్చారంటారా? చాలావరకు చైనా, మాల్టా, భారతదేశాల నుంచి వెళ్లిన కూలీ దళాల వారికి. రేవులో బస్తాలు మోసినవారు, రోడ్డుకు రాళ్లు పరిచినవారు. వారు లేనిదే సైన్యం ఒక్క మైలు కదలదు. అయినా సిపాయికి వెండి, కూలీకి కంచు. నువ్వు ఒక మెట్టు కింద అని ఆ లోహం చెప్పకనే చెప్పింది.

ఇక మరణించినవారి ఫలకం. దీని నమూనా కోసం 1917లో బ్రిటన్‌లో పోటీ పెట్టారు. 800కు పైగా నమూనాలు వచ్చాయి. లివర్‌పూల్ శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ నమూనా గెలిచింది. అడ్డంగా 12 సెంటీమీటర్లు, అంటే చిన్న పళ్లెమంత. త్రిశూలం పట్టిన బ్రిటానియా మూర్తి, ముందు ఒక సింహం. పక్కనే చిన్న పలక లాంటి గడిలో చనిపోయిన మనిషి పేరు, ఉబ్బెత్తు అక్షరాల్లో. ఇలాంటివి 13 లక్షలకు పైగా పోతపోశారు. అక్కడి జనం దీన్ని చచ్చినవాడి పెన్నీ అని పిలిచారు. మన సిపాయిల కుటుంబాలకూ ఇదే వచ్చింది. గమనించవలసినది ఏమిటంటే, దాని మీద హోదా లేదు. జనరల్ అయినా సిపాయి అయినా వట్టి పేరే. ఒక కంచు మనుషుల మధ్య మెట్లు కట్టింది, ఇంకొక కంచు ఆ మెట్లను తీసేసింది.

అయితే రాయి మాత్రం అంత దయ చూపలేదు. ఇరాక్‌లోని బాస్రాలో 1929లో ఒక పెద్ద స్మారకం ఆవిష్కరించారు. అక్కడ మన సిపాయిలలో అత్యధికుల పేర్లు చెక్కలేదు. దళం పేరు, దాని కింద ఇందరు అని ఒక అంకె. అంతే. ఇలాంటి చోట్ల సమానంగా చూడలేదని ఆ సమాధులను చూసుకునే కామన్వెల్త్ సంస్థే 2021లో ఒప్పుకున్నది. అంటే ఆలోచించండి. రాతి మీదికి ఎక్కని పేరు మీ ఇంటి కంచు మీద ఉండవచ్చు.

కాబట్టి నా మనవి కొన్ని మాటలు. అలాంటి బిళ్ళ కనిపిస్తే చింతపండు పెట్టి తోమకండి. పూజ సామాను తళతళలాడితే బాగుంటుంది గాని, పతకం అంచున ఉన్న అక్షరాలు తోమినకొద్దీ అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డ చాలు. భూతద్దం పెట్టి అంచు చుట్టూ చదవండి. నంబరు, పేరు, దళం కనిపించవచ్చు. పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసినది. మీ ముత్తాత పేరుతో అక్షరాలా కలవకపోతే కాదని తోసేయకండి. నంబరూ దళమూ కూడా పోల్చి చూడండి.

పతకాలు సేకరించే సరదా ఉన్నవారికి ఒక మాట. ఖరీదైన వాటి వెంట పడకండి. మీ ఊరివాడు, మీ తాత దళంవాడు, మీకు తెలిసిన ఇంటివాడు ధరించిన ఒక్కటి దొరికినా చాలు. కొనేముందు అంచు చూడండి. పాత పేరు చెరిపి కొత్త పేరు వేసినవి ఉంటాయి. ఫలకాలకు నకళ్లూ ఉంటాయి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో పెద్దవారిని అడగండి. ఎవరిది, ఏ ఊరి నుంచి వెళ్లాడు, తిరిగి వచ్చాడా, రాకపోతే ఆ ఇల్లాలు పిల్లలను ఎలా పెంచింది అని అడిగి, తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఆ బిళ్ళతో పాటే పెట్టండి. కాగితం లేని బిళ్ళ రేపు పాత సామాన్ల కొట్లో తూకానికి పోతుంది. కాగితం ఉన్న బిళ్ళను మీ మనవడు అమ్మడానికి వెనుకాడతాడు.