గుడ్డ అమ్మాలంటే పత్తి కొనాలి

1933 సెప్టెంబరు, సిమ్లా. బల్లకు ఇటువైపు వైస్రాయి మండలిలో వాణిజ్య సభ్యుడు సర్ జోసెఫ్ భోర్. అటువైపు జపాన్ ప్రతినిధి సెత్సుజో సవాడా. (తర్వాత ఆరోగ్య సేవల మీద నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఆయన పేరుతోనే ఉంది.) బేరం మొదలయ్యేసరికే ఒకరి జుట్టు ఒకరి చేతిలో ఉంది.

1931 డిసెంబరులో జపాన్ బంగారు ప్రమాణం వదిలేసింది. యెన్ విలువ పడిపోయింది. దాంతో జపాన్ గుడ్డ ఇక్కడ కారుచౌకగా దిగింది. బొంబాయి మిల్లులు గగ్గోలు పెట్టాయి. బ్రిటిష్‌వి కాని బట్టల మీద సుంకం 1932 ఆగస్టులో 50 శాతానికి, 1933 జూన్‌లో ఏకంగా 75 శాతానికి ఎక్కింది. బ్రిటిష్ బట్టకు మాత్రం 25 శాతమే. బొంబాయి పేరు చెప్పి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకూ గొడుగు పట్టారన్నమాట. 1904 నాటి వాణిజ్య ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామని ఏప్రిల్‌లోనే టోక్యోకు నోటీసు వెళ్లింది.

జపాన్ నూలు మిల్లులు తిరుగుదెబ్బ కొట్టాయి. భారత పత్తి కొనం అన్నాయి. మన పొట్టిపింజ పత్తికి అతి పెద్ద గిరాకీ జపాన్‌దే. మిల్లు యజమానికి జపాన్ రాకూడదు, పత్తి రైతుకు జపాన్ పోకూడదు. భోర్ ఈ ఇద్దరి తరఫునా మాట్లాడాలి. ఆ రైతుకు మాత్రం బల్ల దగ్గర కుర్చీ లేదు.

ఇదే సమయంలో బొంబాయిలో ఇంకో బేరం. అక్టోబరులో మిల్లు యజమానుల నాయకుడు హోమీ మోదీ, లాంకషైర్ ప్రతినిధి క్లేర్ లీస్ చేతులు కలిపారు. లాంకషైర్‌తో రాజీ ఏమిటని అహ్మదాబాద్ మిల్లులు భగ్గుమన్నాయి.

చలికాలం రాగానే సర్కారు ఢిల్లీకి దిగింది, చర్చలూ దాని వెంటే దిగాయి. 1934 జనవరికి లెక్క తేలింది. జపాన్ ఏడాదికి 10 లక్షల బేళ్ల పత్తి కొంటే, 32.5 కోట్ల గజాల గుడ్డ అమ్ముకోవచ్చు. 15 లక్షల బేళ్లు కొంటే గుడ్డ 40 కోట్ల గజాలు, అంతకు మించి గజం కూడా కుదరదు. అంటే అదనంగా కొన్న ప్రతి బేలుకూ 150 గజాలు. పది లక్షలకు తగ్గితే మాత్రం బేలుకు 200 గజాల చొప్పున కోత. ఎవరు పట్టుబట్టి రాయించారో గానీ, గట్టి బేరగాడే. ఆ గజాల్లోనూ కోరా ఎంత, అంచున్న కోరా ఎంత, చలువ బట్ట ఎంత, రంగు బట్ట ఎంత అని విడివిడిగా వాటాలు. సుంకం 50 శాతానికి తగ్గింది, పత్తి బహిష్కారం ఆగింది. జూలైలో లండన్‌లో సంతకాలయ్యాయి.

అన్నీ రాసుకున్నారు, ముక్కలు మాత్రం మరిచారు. కట్‌పీసులు కోటాలోకి రావు. ఇంకేం, జపాన్ నుంచి ముక్కలు మూటలు మూటలుగా దిగాయి, వాటితో పాటు కృత్రిమ పట్టు కూడా. 1937లో ఒప్పందం తిరగరాసినప్పుడు కట్‌పీసులకూ గజాల్లో హద్దు గీయాల్సి వచ్చింది.