జంగ్‌కి పిలిచిన పొట్టేలు కొమ్ము

అజాన్ ఎలా మొదలైందో మన ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. నమాజ్‌కి జనాన్ని ఎలా పిలవాలని మదీనాలో మష్వరా జరిగింది. ఈసాయీల్లా నాఖూస్, అంటే గంట కొడదామని కొందరు, యూదుల్లా కొమ్ము ఊదుదామని కొందరు అన్నారు. చివరికి బిలాల్ (రజి) గొంతే నిలిచింది. అప్పుడు పక్కన పెట్టేసిన ఆ కొమ్ము సంగతేమిటని నేను బనీ ఇస్రాయీల్ కితాబులు తిరగేశాను.

హీబ్రూలో దాన్ని షోఫార్ అంటారు. రాగాలు పలకవు, ఉన్నవి రెండు మూడు స్వరాలే. కానీ కొండ మీద ఊదితే లోయంతా వింటుంది. కౌమ్‌కి జీతాలిచ్చే ఫౌజ్ లేని రోజులవి. పొలంలో ఉన్నవాడూ, గొర్రెలు కాసేవాడూ ఆ ఆవాజ్ విని కత్తి పట్టుకుని రావాల్సిందే. ఏహూదు ఎఫ్రాయిము కొండల్లో ఊదింది అందుకే.

యెరికో ఖిస్సా అందరూ విన్నదే: యూషా (అలై) కాలం, ఏడు కొమ్ములు, ఏడు రోజులు, కూలిన గోడ. 1950లలో అక్కడ తవ్వకాలు జరిపిన కేథలీన్ కెన్యన్‌కి ఆ కాలపు కోటగోడ దొరకలేదు. ఆ బహస్ ఇప్పటికీ నడుస్తోంది.

నాకు గిద్యోను ఖిస్సా ఇంకా ఇష్టం. కొమ్ము విని వచ్చినవాళ్లు 32,000 మంది. భయపడే వాళ్లు వెళ్లిపోవచ్చంటే 22,000 మంది ఇంటిదారి పట్టారు! నీళ్ల దగ్గర ఇమ్తిహాన్ పెడితే చివరికి మిగిలింది 300. (సూరా బఖరాలో తాలూత్ లష్కర్‌కి నది దగ్గర జరిగిన పరీక్ష మీకు గుర్తొచ్చే ఉంటుంది.) ఒక్కొక్కరి చేతిలో కొమ్ము, కుండలో దాచిన దివిటీ. అర్ధరాత్రి 300 కొమ్ములు ఒక్కసారిగా మోగాయి. ఒక్కో కొమ్ము వెనక ఒక్కో దళం ఉందనుకున్నారేమో, మిద్యానీయులు చీకట్లో ఒకరినొకరు నరుక్కున్నారు.

అదే కొమ్ము జంగ్ ఆపడానికీ మోగేది, ఇది చాలామందికి తెలియదు. దావూద్ (అలై) సేనాపతి యోవాబు, తాలూత్ ఖాందాన్ సేనాపతి అబ్నేరు గిబియోను దగ్గర తలపడ్డారు. ఒకే కౌమ్, రెండు లష్కర్లు. యోవాబు సొంత తమ్ముడు అశాహేలు ఆ రోజే అబ్నేరు చేతిలో చనిపోయాడు. పొద్దుగూకే వేళ కొండెక్కిన అబ్నేరు, భాయీలు భాయీలను ఇంకెంతసేపు తరుముతారని కేకేశాడు. బదలా తీర్చుకునే మౌకా ఎదురుగానే ఉంది. అయినా యోవాబు కొమ్ము ఊదాడు. తరుముతున్న వాళ్లంతా నిలబడిపోయారు.

తర్వాత యోవాబు దగా చేసి అబ్నేరుని చంపాడు, ఆ ఖిస్సా వేరు. ఆ రాత్రి మాత్రం అబ్నేరు మనుషులు రాత్రంతా నడిచి యొర్దాను దాటారు. యోవాబు తమ్ముణ్ణి బేత్లెహేములో, తండ్రి ఖబర్‌లో దఫన్ చేసి, తెల్లారేసరికి హెబ్రోను చేరాడు.