అన్నమాచార్యుని రాగిరేకులు

భక్తుల చరిత్రములు వినునపుడు మనము వారి మహిమలనే తలపోయుదుము. వారి వాక్కు మనదాక నెట్లు వచ్చెనని యడుగువారు అరుదు. నేడు తాళ్లపాక అన్నమాచార్యుని గూర్చి యా ప్రశ్న వేసికొందము.

రాజంపేటకు చేరువనున్న తాళ్లపాక యీ మహనీయుని జన్మస్థానము. ఆయన 1408లో జన్మించెనని సంప్రదాయము. పదునారవయేట, అనగా 1424లో, తిరుమలేశుడు సాక్షాత్కరింపగా సంకీర్తనములు చెప్ప నారంభించెనని రాగిరేకులమీది వ్రాతయే తెలుపుచున్నది. అది మొదలు 1503లో పరమపదించువరకు ఆ వాగ్ధార యాగలేదు. సంకీర్తనములు ముప్పదిరెండువేలని మనుమడు చిన్నన్న తన ద్విపద చరిత్రమున చెప్పెను. అవి పండితులకు మాత్రమే చెప్పినవి కావు. లాలి, ఉయ్యాల, జాజర, దంపుళ్లపాట, గొబ్బిపాట మొదలుగా పల్లెవారి వరుసలెన్నియో వానిలో నున్నవి.

సాళువ నరసింహరాయడు తనపై నొక పదము చెప్పుమని కోరగా, దైవమునకిచ్చిన పాటను రాజున కీయనని యాచార్యుడు నిరాకరించి సంకెలలకు లోనయ్యెనని చిన్నన్నయే చెప్పినాడు. రాజున కీయని పాటను రాజు కాపాడునా? ఆ భారము ఇంటివారే వహించిరి. తాటియాకును చెదలు తినును, రాగిని తినలేవు. కుమారుడు పెదతిరుమలాచార్యుడు ఆ పాటలను రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున రాతియరలో భద్రపరచెను. మనుమలును స్వయముగా కవులై, ఆ భాండారమును పెంచిరి.

పిమ్మట కాలము మారెను, పాడువారు కొరవడిరి, అర మరుగుపడెను. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్ దొర ఆ రేకులను పరిశీలింపజేసి, ఒక వ్యాకరణగ్రంథము తప్ప మిగిలినవి దేవుని స్తుతులేయని తన పీఠికలో వ్రాసి యూరకుండెను. స్తుతులేయన్న యొక్కమాటతో మరి నూరేండ్లు గడచెను. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాని విలువ గుర్తించిరి. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు శ్రమించి పరిష్కరింపగా పాటలు అచ్చయినవి. దొరకినవి సగమునకు తక్కువయే.

ఇక్కడ ఒక్కమాట. రేకులపై పాటకు రాగము పేరున్నది, స్వరములు లేవు. అన్నమాచార్యుడు దానిని ఏ వరుసను పాడెనో చెప్పగలవారు లేరు. నేడు మనము వినుచున్న వరుసలు చాలవరకు ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు కూర్చినవి. అవి మధురములే. కాని తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు నడచిన త్రోవ నడుమ తెగినది. రాగి అక్షరమును కాచెను. గొంతును కాచుట దానికి చేతగాలేదు. అది నోటికిని చెవికిని చెందిన పని.

పెద్దలారా! మీ యూరి భజనగుడిలో మీరు చిన్ననాట నేర్చిన పాటలుండును. అవి పుస్తకములలో నున్నవిగదా యని ఊరడిల్లకుడు. పుస్తకమునందు మాట యుండును, మీ తాత పాడిన తీరుండదు. ఈ ధనుర్మాసమున మనుమలను చెంత కూర్చుండబెట్టుకొని, ఒక్క పాటనైనను వరుసతో నేర్పుడు. వారు తప్పుపాడిన దిద్దుడు. పెదతిరుమలాచార్యుడు తండ్రికి చేసిన సేవలో రాగికి సాధ్యముకాని భాగము మీ చేతనే పూర్తి కాగలదు.