అదర్ ఓఎస్ తొలగింపు

ప్లేస్టేషన్ 3 గేమింగ్ కన్సోల్‌లో లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెట్టుకోవడానికి సోనీ సంస్థ కల్పించిన సదుపాయం పేరు అదర్ ఓఎస్. 2006లో కన్సోల్‌తో పాటే వచ్చిన ఈ సదుపాయాన్ని 2010 ఏప్రిల్ 1న విడుదలైన 3.21 ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తొలగించింది. అమ్ముడుపోయి ఇళ్లకు చేరిన వస్తువులోంచి, ప్రకటించి అమ్మిన గుణాన్ని తయారీదారే నెట్ ద్వారా వెనక్కి తీసుకున్న ఉదంతాల్లో ఇది ఎక్కువ చర్చకు వచ్చింది. దీనిపై అమెరికా కోర్టుల్లో ఎనిమిదేళ్లు వ్యాజ్యం నడిచింది.

నేపథ్యం

1970ల నుంచి 1990ల దాకా కన్సోళ్లు ఎక్కువగా నెట్‌కు దూరంగా ఉండేవి. కొన్నప్పుడు యంత్రం ఎలా ఉందో పాడయ్యేదాకా అలాగే ఉండేది. యజమానులే సొంతంగా ప్రోగ్రాములు రాసుకునే వీలు అప్పుడప్పుడు కల్పించేవారు. నింటెండో 1984లో జపాన్‌లో ఫ్యామిలీ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ కిట్‌ను అమ్మింది. సోనీ 1996-97లలో నెట్ యరోజే అనే నల్ల రంగు ప్లేస్టేషన్‌ను ఔత్సాహికుల చేతికిచ్చింది. ప్లేస్టేషన్ 2 కోసం కీబోర్డు, మౌస్, హార్డ్ డిస్క్‌తో కలిపి లినక్స్ కిట్‌ను 2001లో జపాన్‌లోను, 2002లో అమెరికా, యూరప్‌లలోను విడుదల చేసింది.

ప్లేస్టేషన్ 3 జపాన్‌లో 2006 నవంబర్ 11న, అమెరికాలో అదే నెల 17న, యూరప్‌లో 2007 మార్చి 23న విడుదలైంది. భారతదేశానికి 2007లో వచ్చింది. ధర సుమారు 40 వేల రూపాయలు. ప్లేస్టేషన్ పితామహుడిగా పేరున్న కెన్ కుటరాగి ఈ యంత్రాన్ని కంప్యూటర్‌గానే చూడాలని చెప్పేవారు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవచ్చన్న సంగతిని సోనీ తన వెబ్‌సైట్‌లోనూ వాడకం సూచనల్లోనూ బాహాటంగానే చెప్పింది. తరవాత కోర్టుకెక్కినవారికి ఆ రాతలే ఆధారమయ్యాయి.

పనితీరు

కన్సోల్ మెనూలో సెట్టింగ్స్, అందులో సిస్టమ్ సెట్టింగ్స్ తెరిస్తే ‘ఇన్‌స్టాల్ అదర్ ఓఎస్’ కనిపించేది. ముందు హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేసి రెండు భాగాలు చేయాలి. కొత్త సిస్టమ్‌కు 10 జీబీ ఇచ్చి మిగతాది ఆటలకు ఉంచుకోవడం ఒక పద్ధతి, ఆటలకు 10 జీబీ మాత్రం ఉంచి మిగతాదంతా కొత్త సిస్టమ్‌కు ఇవ్వడం రెండోది. మధ్యేమార్గం లేదు. ఆ తరవాత డిఫాల్ట్ సిస్టమ్‌ను మార్చి యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే టీవీ తెర మీద లినక్స్ మొదలయ్యేది. యెల్లో డాగ్, ఫెడోరా, ఉబుంటు అనే లినక్స్ రకాలు ఎక్కువగా వాడకంలో ఉండేవి.

యంత్రం మొత్తాన్ని సోనీ అప్పుడు కూడా అప్పగించలేదు. హైపర్‌వైజర్ అనే కాపలా ప్రోగ్రాము లినక్స్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య నిలబడేది. గ్రాఫిక్స్ చిప్ పూర్తి శక్తి లినక్స్‌కు అందేది కాదు. ప్రధాన మెమరీ 256 ఎంబీ మాత్రమే. అయినా సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి రూపొందించిన 3.2 గిగాహెర్ట్జ్ సెల్ ప్రాసెసర్ లెక్కలు చేయడంలో దిట్ట. అందులోని ఎనిమిది సహాయక ప్రాసెసర్లలో ఒకదాన్ని కర్మాగారంలోనే ఆపేసేవారు, ఒకటి వ్యవస్థ అవసరాలకు పోయేది, మిగిలిన ఆరు లినక్స్ వాడేవారికి దక్కేవి.

పరిశోధనశాలల్లో

చవకగా సూపర్ కంప్యూటర్ కట్టుకోవాలనుకున్న శాస్త్రవేత్తలకు ఇది వరమైంది. నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ ముల్లర్ 2007లో ఎనిమిది కన్సోళ్లను కలిపి క్లస్టర్ నిర్మించారు. అదే ఏడాది మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం డార్ట్‌మత్ ప్రాంగణంలో భౌతిక శాస్త్రవేత్త గౌరవ్ ఖన్నా కృష్ణబిలాల నుంచి వెలువడే గురుత్వ తరంగాల లెక్కల కోసం ‘గ్రావిటీ గ్రిడ్’ను తయారుచేశారు. దానికి సోనీయే కొన్ని కన్సోళ్లను విరాళంగా ఇచ్చింది. 2008 డిసెంబర్‌లో అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి స్విట్జర్లాండ్‌లోని సుమారు 200 ప్లేస్టేషన్ 3ల సాయంతో నకిలీ భద్రతా సర్టిఫికెట్‌ను సృష్టించి చూపింది. అలాంటి సర్టిఫికెట్లలో వాడే ఎండీ5 పద్ధతి ఇక నమ్మదగింది కాదని అలా రుజువైంది.

వీటన్నిటిలో పెద్దది అమెరికా వైమానిక దళ పరిశోధనశాల న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్‌లో నిర్మించిన కాండోర్ క్లస్టర్. దాదాపు 1,760 ప్లేస్టేషన్ 3లతో, సెకనుకు సుమారు 500 లక్షల కోట్ల లెక్కల వేగంతో అది 2010 చివర్లో ప్రారంభమైంది. అప్పటికి అదర్ ఓఎస్‌ను తొలగించి ఎనిమిది నెలలైంది. క్లస్టర్‌లో ఉన్నవి పాత కన్సోళ్లు, వాటికి ఆటల నెట్‌వర్క్‌తో పనిలేదు కాబట్టి అప్‌డేట్ చేయకుండానే నడిపారు. ఒకటి చెడిపోతే దాని స్థానంలో పెట్టడానికి పాత ఫర్మ్‌వేర్ ఉన్న యంత్రాన్ని వెతకడమే ఇలాంటి క్లస్టర్లకు చిక్కు.

తొలగింపు

2009 ఆగస్టులో ప్రకటించిన 299 డాలర్ల సన్నరకం ప్లేస్టేషన్ 3లో అదర్ ఓఎస్ లేదు. పాత మోడళ్లలో మాత్రం కొనసాగుతుందని, రాబోయే ఫర్మ్‌వేర్‌లలో తీసేయబోమని సోనీలో లినక్స్ బాధ్యతలు చూసే ఉద్యోగి అప్పట్లో రాతపూర్వకంగా హామీ ఇచ్చారు.

ఆ హామీ ఏడెనిమిది నెలలే నిలిచింది. ఐఫోన్ తాళాలు తెరిచి పేరు తెచ్చుకున్న జార్జ్ హాట్జ్ అనే అమెరికన్ యువకుడు 2010 జనవరిలో హైపర్‌వైజర్‌ను దాటి మెమరీలోకి చొరబడే పద్ధతిని వెల్లడించాడు. అతను లోపలికి వెళ్లింది అదర్ ఓఎస్ గుండానే. మార్చి 28న సోనీ 3.21 అప్‌డేట్‌ను ప్రకటించింది. భద్రతా కారణాలతో అదర్ ఓఎస్‌ను నిలిపివేస్తున్నామని చెప్పింది. ఏప్రిల్ 1న అప్‌డేట్ విడుదలైంది.

పేరుకు ఇది ఐచ్ఛికమే. కానీ అప్‌డేట్ వద్దనుకున్నవారికి ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో ప్రవేశం ఉండదు, ఆన్‌లైన్ ఆటలు ఉండవు, కొత్త ఫర్మ్‌వేర్ అడిగే ఆటలూ బ్లూరే డిస్కులూ నడవవు. అప్‌డేట్ చేసుకున్నవారికి లినక్స్ పోతుంది, ఆ భాగంలో దాచుకున్న ఫైళ్లు చేతికందవు. డబ్బు పెట్టి రెండు గుణాలు కొన్న మనిషి ఏదో ఒకటి వదులుకోక తప్పని పరిస్థితి అది. వెనక్కి తీసుకున్నదానికి పరిహారం గురించి ప్రకటనలో మాటే లేదు.

వ్యాజ్యం

మొదటి ఊరట బ్రిటన్‌లో, అదీ సోనీ నుంచి కాకుండా, దొరికింది. వస్తువు అమ్మినప్పుడు చెప్పినట్టు లేదని యూరప్ వినియోగదారుల చట్టాన్ని చూపించిన ఒక కొనుగోలుదారుకు అమెజాన్ 2010 ఏప్రిల్‌లో ధరలో సుమారు ఐదో వంతు, 84 పౌండ్లు, తిరిగి ఇచ్చింది.

అమెరికాలో 2010 ఏప్రిల్ 27న ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో మొదటి క్లాస్ యాక్షన్ (కొనుగోలుదారులందరి తరఫున వేసే) దావా దాఖలైంది. తరవాత వచ్చినవాటిని దానితో కలిపి విచారించారు. జడ్జి రిచర్డ్ సీబోర్గ్ 2011 ఫిబ్రవరిలో చాలా అభియోగాలను, డిసెంబర్‌లో మిగిలినదాన్ని కొట్టేశారు. యజమానుల అసంతృప్తిని అర్థం చేసుకోవచ్చని అంటూనే, చట్టప్రకారం నిలిచే అభియోగం లేదని తేల్చారు. నెట్‌వర్క్ సేవలను సోనీ ఎల్లకాలం అవే షరతులతో ఇవ్వాలన్న బాధ్యత ఎక్కడా లేదన్నది ఆ తీర్పులోని కీలకాంశం. 2014 జనవరిలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కొన్ని అభియోగాలకు మళ్లీ ప్రాణం పోసింది.

2016 జూన్‌లో రాజీ కుదిరింది. లినక్స్ వాడినట్టు రుజువు చూపినవారికి 55 డాలర్లు, ఆ సదుపాయం ఉందని నమ్మి కొన్నామన్నవారికి 9 డాలర్లు ఇవ్వాలన్నది ఒప్పందం. లాయర్ల ఫీజు ఎక్కువ, యజమానులకు చేరేది తక్కువ అనిపించిన ఆ ఒప్పందాన్ని జడ్జి సీబోర్గ్ ఆమోదించలేదు. అది మెచ్చదగిన నిర్ణయం. తరవాత 37.5 లక్షల డాలర్ల నిధితో కొత్త ఒప్పందం కుదిరి 2018లో ఖరారైంది. 2006 నవంబర్ 1కీ 2010 ఏప్రిల్ 1కీ మధ్య అమెరికాలో పాత మోడల్ కొన్నవారు అర్హులు. ఒక్కొక్కరికి 65 డాలర్ల దాకా రావచ్చన్నారు. లాయర్ల ఫీజులు, ఖర్చులు పోగా చివరికి చేతికందిన చెక్కు సుమారు 10 డాలర్లు.

పర్యవసానాలు

భద్రత కోసమని చేసిన తొలగింపు భద్రతను కాపాడలేదు. అప్పటిదాకా ప్లేస్టేషన్ 3 మీద పెద్దగా ఆసక్తి చూపని నిపుణులు, లినక్స్ పోయాక దాని వెంట పడ్డారు. 2010 డిసెంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఫెయిల్ ఓవర్‌ఫ్లో అనే బృందం సోనీ చేసిన పొరపాటును బయటపెట్టింది. ప్రోగ్రాముల మీద డిజిటల్ సంతకం చేసేటప్పుడు ప్రతిసారీ కొత్త యాదృచ్ఛిక సంఖ్య వాడాలి. సోనీ ప్రతిసారీ అదే సంఖ్య వాడింది. రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి బీజగణితం చేస్తే రహస్య తాళంచెవి బయటికొచ్చేస్తుంది. 2011 జనవరిలో హాట్జ్ ప్రధాన తాళంచెవిని ప్రచురించాడు. సోనీ అతనిపై దావా వేసింది, ఏప్రిల్‌లో రాజీ ప్రకటన వెలువడింది. అదే నెలలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి ఆగంతకులు చొరబడి 7.7 కోట్ల ఖాతాల సమాచారాన్ని కొల్లగొట్టారు. మూడు వారాలకు పైగా నెట్‌వర్క్ మూతపడింది. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో అదర్ ఓఎస్ ఊసే లేదు.

కన్సోళ్ల బయట కూడా ఇలాంటివి జరిగాయి. 2016 సెప్టెంబర్‌లో హెచ్‌పీ ప్రింటర్లు వేరే కంపెనీల ఇంకు కార్ట్రిడ్జ్‌లను ఉన్నట్టుండి తిరస్కరించాయి. అదే ఏడాది మేలో నెస్ట్ సంస్థ రివాల్వ్ అనే ఇంటి నియంత్రణ పరికరాన్ని పూర్తిగా పనిచేయకుండా ఆపేసింది.

తెలుగు నేల, కర్నూలు, కడప

తెలుగువారికి ప్లేస్టేషన్‌తో ఉన్న ముఖ్యమైన బంధం పాత యంత్రంతోనే. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా పేరొందిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ను హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం రూపొందించింది. సోనీ దాన్ని 2009లో విడుదల చేసింది. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనిని హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ చేపట్టింది. రాయలసీమలో కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో, కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీ డీఎం 2015లో మొదలయ్యాయి. తక్కువ ఖర్చుతో క్లస్టర్ కట్టే విద్య ఇలాంటి చోట్లకు పనికొచ్చేదే. కర్నూలు సంస్థ పుట్టేనాటికి ప్లేస్టేషన్ దారి మూసుకుపోయి ఐదేళ్లయింది.

అమెరికా రాజీ సొమ్ము భారత కొనుగోలుదారులకు వర్తించలేదు. 2010లో అమల్లో ఉన్న 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అవతలి పక్షం వ్యాపారం చేసేచోటో, వివాదానికి కారణం పుట్టినచోటో ఫిర్యాదు చేయాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కన్సోల్ కొని తెచ్చుకున్న కర్నూలు మనిషి చాలావరకు ఆ ఊరికే తిరగాల్సి వచ్చేది. బావితో కలిపి చేను అమ్మినవాడు నాలుగేళ్లకు వచ్చి బావి పూడిస్తే సీమ రైతు ఊరుకోడు. కానీ నలభై వేల యంత్రం కోసం వందల కిలోమీటర్లు వాయిదాలకు తిరిగేవారు అరుదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ ఇబ్బందిని తీర్చింది. 2020 జూలై 20 నుంచి అమల్లోకొచ్చిన ఈ చట్టం కింద ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉన్న వివాదాలు జిల్లా కమిషన్‌కు వస్తాయి. 5 లక్షల దాకా ఫీజు లేదు. కారణం పుట్టిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. సరైన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేసుకునే అధికారం ఒక పక్షానికే కట్టబెట్టే ఒప్పందాన్ని ఈ చట్టం అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. అయితే అలాంటి ఒప్పందంపై ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు కాకుండా రాష్ట్ర కమిషన్‌కు చేయాలి.

ఫోన్లు, టీవీలు, సెట్‌టాప్ బాక్సులు రాత్రికి రాత్రి అప్‌డేట్ అయ్యే ఈ రోజుల్లో కొన్నప్పటి బిల్లును, పెట్టె మీద అచ్చయిన సదుపాయాల జాబితాను, అప్‌డేట్ ప్రకటనను దాచుకోవడం మంచిది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.