పాట బళ్లోకొచ్చింది, పాటగాడు రాలేదు

సీతాఫల్‌మండికి ఒక పక్క లాలాగూడ రైల్వే కార్ఖానా, ఇంకో పక్క ఉస్మానియా యూనివర్సిటీ. కార్మికుల బస్తీలకీ పెద్ద చదువులకీ మధ్యనున్న ఈ చోటు నుంచే బళ్లో సంగీతం గురించి ఒక ప్రశ్న వేయదలుచుకున్నాం.

'జయ జయహే తెలంగాణ' రాసిన అందెశ్రీ లాలాగూడలోనే ఉండేవారు. 2025 నవంబరు 10న చనిపోయారు. పశువులు కాసి, తాపీపని చేసి బతికిన ఆయన బడిలో చదువుకున్నవారు కాదు. ఆయన పాట మాత్రం ఉద్యమకాలంలోనే ఎన్నో బళ్లలో ప్రార్థన అయింది. 2024 జూన్ 2న రాష్ట్రగీతమయింది. బడి ఆ పాటని తీసుకుంది సరే, అలాంటి పాట కట్టే విద్యని, పాడే విద్యని తీసుకుందా?

జవాబు కోసం కొంచెం వెనక్కి పోవాలి. 1906లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో జనాన్ని కూడగట్టారు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో బళ్లు తెరిచారు. అంటే మన బడి కన్నా ముందే మన చదువు పాటలో మొదలయింది. ఆ వర్మే జోగిని, మురళి ఆచారాల మీద పోరాడారు. ఎందుకంటే అక్కడ ఆటపాటలు కులం మోపిన చాకిరీ. చావుకి డప్పు కొట్టడమూ అంతే, కొట్టనంటే ఊరు ఊరుకోదు. చదువుకున్న మన తొలితరాల్లో చాలామంది పిల్లల్ని డప్పుకి దూరంగా పెంచారంటే అది వెట్టిని కాదనడమే. దాన్ని ఆత్మన్యూనత అని తేల్చేయడం అన్యాయం.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఆ డప్పునే హక్కుల గొంతు చేసింది. వాయిద్యం మారలేదు. ఎవరి కోసం, ఎవరు చెబితే కొడుతున్నామన్నది మారింది.

బడి ఈ తేడాని పట్టించుకోలేదు. బళ్లో సంగీతమంటే పొద్దున ప్రార్థన, పంద్రాగస్టు గీతం, వార్షికోత్సవంలో ఒక ఐటెం. ఆ ఐటెంకి డప్పు కావాల్సొస్తే మాదిగ పిల్లాడి వైపే చూస్తే, అది బళ్లోకొచ్చిన వెట్టే.

నాగర్‌కర్నూల్ జిల్లాకి చెందిన దక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యనే చూద్దాం. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో పాఠమయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తున్నారని వార్తలొచ్చాయి. పిల్లలు పాఠం చదివి మార్కులు తెచ్చుకుంటారు గానీ కిన్నెర మెట్టు మీద వేలు పెట్టరు. కళ గురించి చదివితే సమాచారం వస్తుంది. విని, పదిమందితో కలిసి పాడి, తప్పి, మళ్లీ పాడితేనే విద్య వస్తుంది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళల్ని తప్పనిసరి చేయమంది. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి కళావిద్య చెప్పే పార్ట్‌టైం బోధకులుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అడగడానికి దారి ఉంది.

ఒకటి, ఆ పోస్టుల్లో డిగ్రీ కాగితం అడక్కుండా డప్పు, కిన్నెర, చిందు కళాకారుల్ని జీతమిచ్చి పెట్టాలి. రెండు, నేర్చుకునేది అన్ని కులాల పిల్లలూ కావాలి, పరీక్ష కూడా పాడి, వాయించి రాయకుండానే ఇవ్వాలి. అగ్రకులం పిల్ల డప్పు కాచుకుని దరువేస్తుంటే, మాదిగ పిల్లాడు ఇష్టమైతే వయొలిన్ పట్టుకోవాలి. అప్పుడే డప్పు కులవృత్తి కాకుండా పోతుంది. సీతాఫల్‌మండి బస్తీ పిల్లలు చదివే బళ్ల నుంచే ఈ అడగడం మొదలుపెడదాం.