క్రియ చివరనుండే లెక్క

యూనిక్స్ యంత్రాల్లో 'డీసీ' అనే లెక్కల పనిముట్టు ఒకటుంది. డెస్క్ కాలిక్యులేటర్‌కి అది పొట్టి పేరు. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, లోరిండా చెర్రీ రాశారు. దానికి బొత్తాలు లేవు, బొమ్మలు లేవు. టెర్మినల్‌లో 2 3 + అని కొట్టి, చూపించమని 'పీ' అక్షరం కొడితే 5 అంటుంది. ఈ రాతకు లోకం పెట్టిన పేరు రివర్స్ పోలిష్ నొటేషన్. ఆ పేరునే కాస్త తవ్వి చూద్దాం.

యాన్ వుకాషెవిచ్ పోలండ్ తర్కవేత్త. కుండలీకరణాలు అక్కర్లేని రాతను 1924లో ఊహించాడు. గుర్తును ముందు పెట్టి + 2 3 అని రాయడం ఆయన పద్ధతి. ఆయన పేరులో మొదటి అక్షరం చూడబోతే 'ఎల్'; దాని మీది అడ్డగీత దాన్ని 'వ' చేస్తుంది. వుకాష్ అంటే లూకా; 'ఎవిచ్' సంతతిని చెప్పే ప్రత్యయం. బయటివాళ్ల నోరు ఇంత పేరుకు తిరగక కాబోలు, మనిషిని వదిలి దేశాన్ని పట్టుకున్నారు.

ఆ దేశం పేరు 'పోలె' అనే స్లావిక్ మాట మీద నిలిచిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పోలె అంటే పొలమే! తెలుగువాడికి ప్రాణం లేచొస్తుంది. కానీ తొందరపడకూడదు. మన పొలానికి చుట్టాలు తమిళ పులం, కన్నడ హొల; వాళ్ల పోలెకు చుట్టం ఇంగ్లీషు ఫీల్డ్. రెండూ వేరు వేరు ఇళ్లవి. దారిలో ఎదురై ఒకేలా కనిపించాయి, అంతే.

రివర్స్ మాత్రం నిజంగా మనకు తెలిసిన కుటుంబానిది. అందులో ఉన్నది లాటిన్ 'వెర్తెరె', అంటే తిప్పు. సంస్కృత 'వృత్' ధాతువు దాని తోబుట్టువు. ఆవృత్తి, నివృత్తి, పరివర్తన అన్నీ ఆ ఇంటి పిల్లలే. వుకాషెవిచ్ ముందు పెట్టిన గుర్తును వెనక్కి తిప్పారు కనుక అది రివర్స్.

అంటే పేరు పెట్టినవాళ్లకు అది తిరగబడిన రాత. మనకో? 'రెండూ మూడూ కూడు' అంటాం. కర్మ ముందు, క్రియ చివర. తెలుగు వాక్యానికి ఇదే తిన్నని నడక.

ఇంకొంచెం పెద్ద లెక్క తీసుకోండి: 2 3 + 4 *. తెలుగులో 'రెండూ మూడూ కూడి నాలుగుతో గుణించు'. ఆ 'కూడి'ని చూడండి. వ్యాకరణం దాన్ని క్త్వార్థకం అంటుంది. ముందు పని ముగిసిందనీ, దాని ఫలితం తరవాతి పనికి అందుతుందనీ ఆ ఒక్క ఇకారం చెబుతుంది. బడిలో కుండలీకరణాలు చేసే పని అదే.

ఒక్కచోట మాత్రం పోలిక తెగుతుంది. 'పదిలోంచి మూడు తీసెయ్' అన్నా, 'మూడు పదిలోంచి తీసెయ్' అన్నా మనకు ఏడే. విభక్తి కాపాడుతుంది. డీసీకి విభక్తుల్లేవు, 10 3 - అంటే 7, 3 10 - అంటే మైనస్ 7. అక్కడ అడ్డగీత ఎప్పుడూ క్రియే. అందుకే రుణసంఖ్యను ఇవ్వాలంటే ముందు కిందిగీత పెట్టాలి: _7.

క్రియ వచ్చేదాకా అంకెలు ఎక్కడ ఆగుతాయి? స్టాక్‌లో. పాత నార్స్‌లో ఆ మాటకు గడ్డివామి అని అర్థం. జర్మనీలో బవర్, సామెల్సన్ 1957లో ఇదే ఏర్పాటుకు 'కెల్లర్' అన్నారు, అంటే నేలమాళిగ. అంతకుముందే ట్యూరింగ్ తన ఏస్ యంత్రం పథకంలో, ఉపక్రమం ముగిశాక తిరిగి రావలసిన చోటును దాచడానికి 'బరీ' అనీ, తియ్యడానికి 'అన్‌బరీ' అనీ మాటలు వాడాడు. పాతిపెట్టు, తవ్వితియ్యి. ధాన్యం పాతరేసిన రైతు ఇంటి మాటలు ఇవి! చివర పోసిన గింజే ముందు పైకొస్తుంది కనుక, నా మట్టుకు స్టాక్‌కు పాతరే తగిన మాట.

రివర్స్ పోలిష్‌కు తెలుగు పేరు పెట్టాల్సి వస్తే 'విలోమ' అనే మాట వద్దని నా మనవి. మన వాక్యానికి విలోమం కానిదాన్ని విలోమమని పిల్లలకు ఎందుకు నేర్పాలి? 'క్రియాంత గణనం' అనండి, చాలు.